పాత హోల్‌స్టర్‌ని ఓసారి తిరగేసి చూడండి, తుపాకీ కన్నా ముందు చెడిపోయేది అదే

మా బావది పలాస, జీడిపప్పు వ్యాపారం. క్యాష్ పట్టుకుని తిరిగే పని కాబట్టి ఎప్పుడో లైసెన్సు తీసుకుని పాయింట్ 32 పిస్టల్ ఒకటి పెట్టుకున్నాడు. 2024 ఎలక్షన్ కోడ్ వచ్చినప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసి, కోడ్ ఎత్తేశాక మళ్ళీ తెచ్చుకున్నాడు, సరిగ్గా ఆ వారంలోనే నేను విజయనగరం నుంచి ఏదో పని మీద వాళ్ళింటికెళ్ళాను. నేను మిలిటరీలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు చూసి బాగుచేసేవాడిగా, చేసి వచ్చినోణ్ణి, అందుకే చుట్టాల్లో ఎవరింట్లో తుపాకీ ఉన్నా నేను గుమ్మం ఎక్కగానే "ఓసారి సూసి ఎల్లు" అని చేతిలో పెట్టేస్తారు, డాక్టరు కనిపిస్తే బీపీ చూపించుకున్నట్టు.

పిస్టల్ బాగానే ఉంది. మేగజైన్ (గుండ్లు పెట్టే డబ్బా) తీశాను, స్లైడ్ (పైన వెనక్కి జరిగే భాగం) లాగి చాంబర్ (పేలే గుండు కూచునే గది) చూశాను, ఖాళీ. మూతి ఇసుక బకెట్టు వైపు పెట్టి, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) కావాలనే తీసి ఉంచి, బావ రోజూ ఎలా పెట్టుకుంటాడో అలాగే హోల్‌స్టర్‌లోకి, అంటే నడుంకి పెట్టుకునే ఆ తోలు సంచిలోకి, దించాను. సగం దిగాక ఎక్కడో పట్టినట్టయింది, కొంచెం నొక్కాను. లోపల్నుంచి టిక్ అని వినపడింది.

గ్యాస్ లైటర్ నొక్కితే వచ్చేంత శబ్దం, అంతకన్నా ఏం లేదు. బావ కాఫీ తాగుతూ "ఏటా సౌండు" అన్నాడు. నేనేం మాట్లాడకుండా మళ్ళీ కాక్ చేసి, అంటే పేలడానికి సిద్ధంగా పెట్టి, ఇంకోసారి దించాను, మళ్ళీ టిక్. నా వేలు ట్రిగ్గర్ దగ్గరే లేదు, స్లైడ్ పక్కన చాపి ఉంది, అది బావ చూస్తూనే ఉన్నాడు. "మరెవలు నొక్కినారు బామ్మర్దీ?" అన్నాడు. హోల్‌స్టర్ నొక్కింది బావా అన్నాను.

వెలుతుర్లోకి తీసుకెళ్ళి చూపించాను. హోల్‌స్టర్ నోటి దగ్గర తోలు మెత్తబడి లోపలికి మడత పడింది, పిస్టల్ దిగేటప్పుడు ఆ మడత సరిగ్గా ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) లోపలికి దూరుతోంది, పిస్టల్ కిందకి వెళ్తోంది తోలు మాత్రం అక్కడే ఆగుతోంది, అంటే ట్రిగ్గర్ వెనక్కి వెళ్ళినట్టే కదా. వేలితో నొక్కడానికీ దీనికీ తుపాకీకి తేడా తెలీదు. చాంబర్లో గుండు ఉండి ఉంటే అది తొడలోంచో మోకాల్లోంచో వెళ్ళేది, నడుం పక్కన పెట్టుకున్న తుపాకీ మూతి కింద ఉండేవి అవే.

ఇలాంటివి జరిగితే మన పేపర్లు "గన్ మిస్‌ఫైర్" అని రాస్తాయి, నాకు అది చూస్తే ఒళ్ళు మండుద్ది. మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా గుండు పేలకపోవడం. ఇక్కడ తుపాకీ తన పని తను పర్ఫెక్టుగా చేసింది, ట్రిగ్గర్ వెనక్కి వచ్చింది, పేలింది. తప్పు దాన్ని పెట్టిన సంచిది, ఆ సంచిని చూసుకోని మనిషిది. మిస్‌ఫైర్ అని రాసేసరికి అందరూ తుపాకీ రిపేరుకి పంపిస్తారు, హోల్‌స్టర్ మాత్రం మళ్ళీ అదే బెల్టుకి ఎక్కుద్ది.

సరే, ఎలా చూసుకోవాలో చెప్తాను. లైసెన్సు పిస్టల్, రివాల్వర్ ఉన్నోళ్ళకీ, గన్‌మెన్‌గా చేసే తమ్ముళ్ళకీ, సెక్యూరిటీలో చేరిన మా ఎక్స్-సర్వీస్‌మెన్‌కీ అందరికీ పనికొస్తుంది. బ్యాంకు గేటు దగ్గర 12 బోర్ పొడుగు తుపాకీ పట్టుకునేవాళ్ళకి హోల్‌స్టర్ ఉండదు కాబట్టి ఈ గొడవ లేదు.

ముందు తుపాకీ ఖాళీ చెయ్యాలి, ఇది అందరికీ తెలుసు అనుకుంటారు గానీ ఆర్డరు తప్పుతారు. మేగజైన్ ముందు తియ్యాలి, తర్వాత స్లైడ్ లాగాలి. ఉల్టా చేస్తే, అంటే స్లైడ్ ముందు లాగితే, చాంబర్లో గుండు బయటికి పడుద్ది నిజమే, కానీ మేగజైన్ నుంచి ఇంకోటి ఎక్కి కూచుంటుంది, ఆ తర్వాత మేగజైన్ తీసి ఖాళీ అయిపోయింది అనుకుంటారు. స్లైడ్ వెనక్కి లాక్ చేసి కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి, చీకట్లో కళ్ళు మోసం చేస్తాయి వేలు చెయ్యదు. కాన్పూర్‌లో తయారయ్యే మన పాయింట్ 32 రివాల్వర్ అయితే మధ్యకి విరిచినట్టు తెరుచుకుంటుంది, తెరిచి ఆరు గదులూ చూడాలి, ఐదు చూసి ఆపకూడదు. గుండ్లన్నీ వేరే గదిలో పెట్టి తలుపేసి రండి. నేనైతే లెక్కపెట్టి మరీ పెడతాను, తుపాకీలోంచి ఎన్ని తీశానో అక్కడ అన్నీ ఉండాలి.

ఒక ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకుంటే ఇంకా మంచిది, ఖాళీ అని తెలిసినా మూతి అటే ఉండాలి. మా యూనిట్లో కోత్ (ఆయుధాలు దాచే గది) ముందు ఇసుక పెట్టె లేకుండా ఎవడూ ఆయుధం ఖాళీ చేసేవాడు కాదు, ఇల్లయితే మాత్రం రూలు మారుతుందా.

ఇప్పుడు హోల్‌స్టర్‌ని బెల్టు నుంచి తీసి ఖాళీగా చేతిలో పట్టుకోండి. అసలు పని ఇక్కడే.

నోరు చూడండి. పిస్టల్ లేనప్పుడు కూడా నోరు తెరుచుకునే ఉండాలి, చేప నోరులాగ. రెండు అంచులూ ఒకదానికొకటి అతుక్కుని మూసుకుపోయి ఉంటే, పిస్టల్‌తో దాన్ని తెరుచుకుంటూ దించాల్సి వస్తోందంటే, ఆ హోల్‌స్టర్ పని అయిపోయింది, ఇంకేం చూడక్కర్లేదు. కొత్తలో నోటి చుట్టూ రెండు పొరల తోలు వేసో లోపల సన్న రేకు పెట్టో గట్టిగా కుడతారు, రోజూ కూచుని లేస్తూ, కారు సీటు బెల్టు రాసుకుంటూ, కుర్చీ చెయ్యి గుచ్చుకుంటూ ఆ భాగం ముందు చచ్చిపోద్ది. బొటన వేలితో అంచుని లోపలికి నొక్కి వదలండి. గట్టి తోలైతే టక్కున వెనక్కి వస్తుంది. మెత్తబడిందైతే నొక్కిన చోటే ఉండిపోద్ది, పాత చెప్పు పట్టీలాగ. అలా ఉండిపోయిందా, అదే రేపు ట్రిగ్గర్ గార్డులోకి వెళ్ళే మడత.

తర్వాత ట్రిగ్గర్ గార్డు ఎక్కడ కూచుంటుందో ఆ చోటు. ఖాళీ పిస్టల్‌ని పూర్తిగా దించి, బయటనుంచి ఆ భాగాన్ని వేలితో నొక్కి చూడండి. ట్రిగ్గర్ వేలికి తగులుతోందా? తగిలితే ఆ తోలు అడ్డమే కాదు. తిరునాళ్ళలో జనం మీద పడితే ఎవరి మోచెయ్యి ఎక్కడ నొక్కుతుందో తెలీదు, పైడితల్లమ్మ సిరిమాను రోజు కోట దగ్గర్నుంచి గుడి దాకా ఆ జనంలో గన్‌మెన్ ఎలా నలిగిపోతారో ఒకసారి చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు. ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పి ఉండాలి, పై నుంచి గానీ పక్క నుంచి గానీ పెన్ను దూరేంత సందు కూడా ఉండకూడదు. ఫ్యాషన్ కోసం ట్రిగ్గర్ కనపడేలా కుట్టిన హోల్‌స్టర్లు ఇప్పటికీ అమ్ముతున్నారు, కొత్తదైనా సరే కొనకండి.

చేత్తో తిప్పే సేఫ్టీ లేని పిస్టళ్ళకి ఇది ఇంకా ముఖ్యం. గ్లాక్ అనే పిస్టల్ సంగతే చూడండి, దాని సేఫ్టీలు మూడూ వాటంతటవే పనిచేస్తాయి, కింద పడినా పేలదు, అంతవరకు చాలా మంచి తుపాకీ, కానీ ట్రిగ్గర్ పూర్తిగా వెనక్కి వస్తే ఆ మూడూ ఒకదాని తర్వాత ఒకటి పక్కకి తప్పుకుంటాయి, దాన్ని అలాగే తయారుచేశారు. మామూలుగా దాని ట్రిగ్గర్‌కి కావాల్సిన బలం సుమారు రెండున్నర కేజీలు. రెండున్నర కేజీల జీడిపప్పు సంచి వేలికి తగిలించుకుని చూడండి, పెద్ద బరువేం కాదు. పిస్టల్‌ని అరచేత్తో కిందకి తొయ్యడంలో మనం అంతకన్నా చాలా ఎక్కువ బలం పెడతాం. రివాల్వర్ అయితే మామూలుగా ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, అది కొంత నయం, కానీ హామర్ (వెనక ఉండే సుత్తి) వెనక్కి కాక్ చేసి ఉంటే తేలికైపోద్ది, అందుకే కాక్ చేసిన రివాల్వర్‌ని హోల్‌స్టర్‌లో పెట్టడం అన్న మాటే ఉండకూడదు. దించేటప్పుడు బొటన వేలు హామర్ మీద పెట్టుకోవడం అలవాటు చేసుకోండి, లోపల ఏదైనా ట్రిగ్గర్‌ని లాగుతుంటే హామర్ పైకి లేవడం వేలికి తెలిసిపోద్ది.

బొత్తాం పట్టీ సంగతి. పైన అడ్డంగా వేసి టిచ్ బటన్ నొక్కుతాం కదా, ఆ పట్టీ కొత్తలో పక్కకి నిక్కి నిలబడుద్ది, పాతబడ్డాక వాలిపోయి నోటిలోకి వేలాడుద్ది. దాన్ని చూసుకోకుండా పిస్టల్ దించితే పట్టీ కూడా పిస్టల్‌తో పాటు లోపలికి వెళ్ళి నేరుగా ట్రిగ్గర్‌కి చుట్టుకుంటుంది, తోలు మడత కన్నా ఇదే ఎక్కువ చూశాను నేను. టిచ్ బటన్ కూడా చూడాలి. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు సముద్రం గాలికి బటన్లు కిలుము పట్టి పచ్చగా అయిపోతాయి, పట్టినట్టే ఉంటుంది కానీ లాగితే ఊడొస్తుంది. పది సార్లు వేసి తీసి చూడండి, ప్రతిసారీ టక్ అని పట్టాలి.

కుట్లు వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి, ఒక్క కుట్టు తెగినా దాని పక్కది రేపు తెగుద్ది. కింద మూతి దగ్గర, ట్రిగ్గర్ గార్డు చుట్టూ ఉన్న కుట్లు ముఖ్యం, అవి వదులైతే పిస్టల్ ఇంకా కిందకి జారి కూచుంటుంది, దాంతో లోపల ఏది ఎక్కడ తగలాలో అదంతా మారిపోద్ది. చాలామంది ఏం చేస్తారంటే తీసుకెళ్ళి చెప్పులు కుట్టేవాడి దగ్గర నాలుగు కుట్లు వేయించుకుంటారు. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు, నా బూట్లు ఆయనే కుడతాడు, కానీ లోపల పిస్టల్ ఏ కొలతకి కూచోవాలో ఆయనకి తెలీదు, పావు అంగుళం ఇటు కుట్టాడంటే సేఫ్టీ మీద పడుద్ది. బెల్టు పట్టీ కుట్టించుకోండి తప్పులేదు, ట్రిగ్గర్ చుట్టుపక్కల మాత్రం వద్దు.

సేఫ్టీ అన్నాను కదా, అది కూడా ఒకటి. బిగుతుగా ఉన్న హోల్‌స్టర్‌లో పిస్టల్ దించేటప్పుడో నడిచేటప్పుడో తోలు రాసుకుని సేఫ్టీ లీవర్ కిందకి దిగిపోద్ది. ఖాళీ పిస్టల్‌కి సేఫ్టీ వేసి హోల్‌స్టర్‌లో పెట్టండి, ఇంట్లో ఓ అరగంట తిరగండి, కూచోండి, మెట్లెక్కండి, బండి మీద కూచుని దిగండి, తర్వాత తీసి చూడండి. సేఫ్టీ వేసినట్టే ఉందా లేదా? ఈ పరీక్ష ఎవరూ చెయ్యరు, చేసినోళ్ళలో నలుగురికి ఒకరు నాకు ఫోన్ చేసి తిట్టుకున్నారు, నన్ను కాదు హోల్‌స్టర్‌ని.

పట్టు ఎలా ఉందో చూడాలంటే, మంచం మీద పరుపు వేసి, ఖాళీ పిస్టల్‌ని హోల్‌స్టర్‌లో పెట్టి, పట్టీ వెయ్యకుండా తలకిందులుగా పట్టుకుని మెల్లగా ఊపండి. జారిపోతే పట్టు పోయినట్టే. బైక్ మీద సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్ళు గతుకుల్లో పిస్టల్ కింద పడితే ఏం చేస్తారో తెలుసా, గాల్లో పట్టుకోబోతారు, అప్పుడు వేలు వెళ్ళేది ట్రిగ్గర్ మీదకే. పడితే పడనివ్వాలి. అసలు పడకుండా ముందే చూసుకోవాలి.

గట్టి ప్లాస్టిక్‌వి, కైడెక్స్ అంటారు, వాటికి మడత పడే జబ్బు లేదు, అందుకే నేను అవే కొనమంటాను. వాటి జబ్బులు వేరే. రివెట్ల చుట్టూ వెంట్రుక అంత బీట వస్తుంది, గోరు పెట్టి గీస్తే తెలుస్తుంది. స్క్రూలు బండి అదురుకి వదులవుతాయి, స్క్రూడ్రైవర్‌తో ఎంత తిరుగుతాయో చూసి బిగించి, మార్కర్ పెన్నుతో స్క్రూ మీదనుంచి బాడీ మీదకి ఒక గీత గియ్యండి, గీత విరిగినట్టు కనపడితే స్క్రూ కదిలినట్టు, నెల నెలా విప్పి చూడక్కర్లేదు. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే షేపు మారే ప్రమాదం ఉంది, ఎండలో పెట్టిన టిఫిన్ డబ్బా మూతలాగ. నైలాన్ గుడ్డ హోల్‌స్టర్ల గురించి నా అభిప్రాయం అడక్కండి. అడిగితే చెప్తాను, ఏ పిస్టల్‌కైనా సరిపోద్ది అని అమ్మేది ఏ పిస్టల్‌కీ సరిపోదు, లోపలి లైనింగ్ ఊడి దారాలు వేలాడుతుంటాయి, ఆ దారం చాలు.

లోపల చెత్త కూడా ఉంటుంది. టార్చి వేసి చూడండి, ఇసుక, పొట్టు, ఎండిన ఆకు, చొక్కా బొత్తాం, ఒకాయన హోల్‌స్టర్‌లో అగ్గిపుల్ల దొరికింది నాకు. వానాకాలం రెయిన్‌కోటు నడుం దగ్గర తాడు ఉంటుంది చూడండి, చివర చిన్న ప్లాస్టిక్ గుండీ, అది పిస్టల్‌తో పాటు లోపలికి వెళ్ళిపోయి ట్రిగ్గర్‌కి తగులుకోవడం చాలా సులువు. ఆ తాడు కోసి పారెయ్యండి. లుంగీ మీద, బయటికి వదిలిన చొక్కా మీద హోల్‌స్టర్ పెట్టుకునేవాళ్ళు గుడ్డ అంచు ఎక్కడుందో ఒక చేత్తో పైకి ఎత్తి పట్టుకుని రెండో చేత్తో దించాలి.

మళ్ళీ మా బావ హోల్‌స్టర్ దగ్గరికొస్తాను, అది ఎలా పాడైందో అడిగితే కథంతా బయటికొచ్చింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వాళ్ళ ఇంటి పై రేకులు లేచిపోయాయి, బీరువాలోకి నీళ్ళు పోయాయి, హోల్‌స్టర్ నానిపోయింది. తుపాను తగ్గాక దాన్ని డాబా మీద ఎండలో పడేశారు. తడి తోలు ఎండలో ఎండితే అప్పడంలాగ బిగుసుకుపోద్ది, పిస్టల్ దిగలేదు. అప్పుడు మా అక్క ఏం చేసిందంటే, ఉద్దానం ఆడపడుచు కదా ఇంట్లో కొబ్బరి నూనెకి కొదవలేదు, రెండు మూడు రోజులు నూనె పట్టించింది. మెత్తబడింది, పిస్టల్ దిగింది, అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఏడాదికోసారి నూనె రాయడం ఆనవాయితీ అయిపోయింది. చెప్పులకి, ఎద్దుల పట్టెడలకి నూనె మంచిదే, అవి మెత్తగా ఉండాలి. హోల్‌స్టర్ గట్టిగా ఉండాలి, దాని ఉద్యోగమే గట్టిగా ఉండటం. ఏ నూనె అయినా సరే తాగించకండి. తడిస్తే పొడి గుడ్డతో తుడిచి నీడలో ఫ్యాను కింద ఆరనివ్వండి, లోపల పేపరు ఉండ పెట్టి షేపు నిలబెట్టండి. బూజు పడితే పొడి బ్రష్‌తో తియ్యండి. తుపాకీని తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి బీరువాలో నెలలు దాచకండి, తోలు తేమ పీల్చి తుపాకీకి తుప్పు పట్టిస్తుంది, రెండూ వేరువేరుగా దాచాలి.

కోడ్ టైంలో డిపాజిట్ చేసినోళ్ళకి అసలు సమస్య ఇదే. తుపాకీ స్టేషన్‌లో ఉంటుంది, హోల్‌స్టర్ ఇంట్లో ఎక్కడో మూలన బరువు కింద చదునైపోయి పడుంటుంది, రెండు మూడు నెలల తర్వాత తుపాకీ తెచ్చుకున్న రోజు దాని వైపే చూస్తారు, గుండ్లు లెక్క చూస్తారు, హోల్‌స్టర్‌ని దులిపి బెల్టుకి వేసేస్తారు. ఆ రోజే ఇదంతా చెయ్యండి. రోజూ పెట్టుకునే డ్యూటీవాళ్ళు నెలకోసారి, వానలో తడిసిన ప్రతిసారీ.

ఇంత చూసినా ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి, పిస్టల్ దించేటప్పుడు ఎక్కడైనా పట్టినట్టనిపిస్తే రెండోసారి తొయ్యకూడదు. ఆపాలి, పైకి తియ్యాలి, చూడాలి. తీసేటప్పుడు తొందర ఉంటుంది అంటే ఒప్పుకుంటాను, పెట్టేటప్పుడు ఎవరికీ తొందర లేదు, కళ్ళతో చూస్తూ మెల్లగా దించండి, చూడకుండా పెట్టేసే స్టైలు సినిమావాళ్ళకి వదిలెయ్యండి. రాత్రి ఇంటికొచ్చాక పిస్టల్ ఒక్కటే బయటికి తియ్యడం, మళ్ళీ పెట్టడం కాకుండా హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి తీసి పక్కన పెట్టి, అప్పుడు ఖాళీ చేసి తాళం వెయ్యండి, ఎన్నిసార్లు తక్కువ దించితే అన్ని ప్రమాదాలు తక్కువ.

చట్టం సంగతి ఒక్క ముక్క. ఆయుధాల చట్టం 1959ది, 2019లో సవరించారు, నిర్లక్ష్యంగా తుపాకీ వాడి పక్కవాళ్ళ ప్రాణం మీదకి తెస్తే రెండేళ్ళ వరకు జైలు గానీ లక్ష రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. తోలు మడత పడిందండీ అని స్టేషన్‌లో చెప్తే వింటారో లేదో మీరే ఆలోచించుకోండి.

పాడైన హోల్‌స్టర్‌ని ఎవరికీ ఇవ్వకండి, చెత్తలో అలాగే పడెయ్యకండి, ఎవరో ఒకరు బాగుందని తీసుకుని వాడేస్తారు. కత్తెరతో నోటి దగ్గర్నుంచి కింద దాకా రెండుగా కోసేయాలి. బావ కొయ్యడానికి చాలా బాధపడ్డాడు, పదిహేనేళ్ళ నుంచి ఉందట, కొన్నప్పుడు ఖరీదైనదట. చివరికి అక్కే వంటింట్లోంచి కత్తిపీట తెచ్చి టకటకా కోసేసింది. అందులో ఒక ముక్క ఇప్పుడు వాళ్ళ వీధి తలుపు కింద ఉంది, సముద్రం గాలికి తలుపు కొట్టుకోకుండా, మెత్తగా బాగా పట్టుకుంటోందని అక్క చెప్పింది.